పిల్లల్లో బయటపడని మెదడు గడ్డ, హఠాత్తు మరణం: ముందే తెలిసే వీలుంటుందా?

పల్నాడు_మేనత్త

అందరికీ నమస్కారం. మా అన్నయ్య కొడుకు, తొమ్మిదేళ్లవాడు, ఈమధ్యే చనిపోయాడు. ముందురోజు సాయంత్రం తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. వాంతి చేసుకున్నాడు, మళ్లీ నిద్రపోయాడు. తెల్లవారుజామున గురకలాగా వింతగా ఊపిరి తీస్తుంటే వదిన లేపింది. లేవలేదు. 108లో ఆసుపత్రికి తీసుకెళ్తుండగానే ప్రాణం పోయింది. హఠాత్తు మరణం కాబట్టి పోలీసులు పోస్టుమార్టం చేయించారు. చిన్న మెదడులో నిమ్మకాయంత గడ్డ ఉందని, దానివల్ల మెదడులో నీరు నిండిపోయిందని డాక్టరు చెప్పారు.

మాకెవరికీ మింగుడుపడటం లేదు. అంత గడ్డ తలలో పెట్టుకుని వాడు మొన్నటిదాకా బడికి ఎలా వెళ్లాడు? ఆ ఆదివారం కూడా క్రికెట్ ఆడాడు. కొన్నాళ్లుగా పొద్దున్నే వాంతులయ్యేవి, అది నిజం. వాంతి అయిపోగానే తేలికపడి, టిఫిన్ తిని బడికి పోయేవాడు. పైత్యం అన్నారు. నులిపురుగుల మాత్ర వేశారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్‌కి సిరప్ ఇచ్చాడు. అద్దాలు కావాలేమోనని కూడా అనుకున్నాం.

ఇప్పుడు ఊళ్లో రకరకాలుగా మాట్లాడుతున్నారు. రాత్రి అన్నంలో ఏదో పడిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు, తల్లి సరిగ్గా చూసుకోలేదని ఇంకొకరు. వదిన అన్నం ముట్టడం లేదు. నిజంగా ఇలా జరుగుతుందా? ముందే తెలిసే వీలుందా? వాడి చెల్లెలికి ఆరేళ్లు. దానికి కూడా స్కాన్ తీయించాలా?

ఓరుగల్లు_పిల్లల_డాక్టరు

మేనత్త గారూ, ముందుగా మీ వదిన గారికి ఈ ఒక్క మాట చెప్పండి. ఆ రాత్రి అన్నానికీ ఈ మరణానికీ ఏ సంబంధమూ లేదు. పోస్టుమార్టంలో కనబడినదే కారణం.

మెదడు లోపల నీటి గదులు నాలుగుంటాయి. వాటిలో సీఎస్‌ఎఫ్ అనే ద్రవం రోజంతా ఊరుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు అర లీటరు దాకా తయారవుతుంది, తల, వెన్ను కలిపి ఏ సమయంలో చూసినా ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. అంటే వచ్చింది వచ్చినట్టు బయటికి పోతుండాలి. ఆ దారి చివర నాలుగో గది చిన్న మెదడుకు ఆనుకునే ఉంటుంది, చాలా ఇరుకు. చిన్న మెదడులో గడ్డ పెరిగితే ఆ దారే మూసుకుంటుంది. బోదె కాలువకు అడ్డం పడితే పై మడి మునిగినట్టు, పైనున్న గదులన్నీ ఉబ్బుతాయి. పిల్లల మెదడు గడ్డల్లో పెద్ద భాగం తల వెనుక భాగంలోనే, చిన్న మెదడు ఉండే చోటే వస్తాయి, అందుకే వాళ్లలో ఈ నీటి సమస్య ఎక్కువ.

మీరు అడిగిన ప్రశ్న, మొన్నటిదాకా ఎలా ఆడాడని. పుర్రె సాగదు. దాని లోపల ఉండేవి మూడే: మెదడు, రక్తం, ఈ ద్రవం. గడ్డ నెమ్మదిగా పెరుగుతుంటే శరీరం కొంత ద్రవాన్ని వెన్నులోకి, కొంత రక్తాన్ని సిరల్లోకి నెట్టి చోటిస్తుంది. వారాలు, ఒక్కోసారి నెలలు అలా గడుస్తాయి. పిల్లాడు ఆడతాడు, చదువుతాడు. ఆ సర్దుబాటు అయిపోయిన రోజు కొంచెం నీరు పెరిగినా ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. చిన్న మెదడు కింది భాగం పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోకి దిగి, ఊపిరిని నడిపించే కేంద్రాన్ని నొక్కేస్తుంది. మీ వదిన గారు విన్న ఆ వింత ఊపిరి అదే. గడ్డలోనే రక్తస్రావం జరిగినా ఇంతే వేగంగా ముంచుకొస్తుంది.

పొద్దున్నే ఎందుకంటే, రాత్రంతా పడుకుని ఉండటం వల్ల తలలో ఒత్తిడి పెరుగుతుంది. నిద్రలో ఊపిరి నెమ్మదించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగి మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి, అదీ తోడవుతుంది. లేచి తిరిగితే తగ్గుతుంది. అందుకే పదింటికల్లా పిల్లాడు మామూలుగా కనబడతాడు, మధ్యాహ్నం ఓపీకి తీసుకెళ్తే డాక్టరుకు కూడా మామూలుగానే కనబడతాడు.

చెల్లెలి సంగతి రాత్రికి రాస్తాను. వార్డులో పిలుస్తున్నారు.

లెక్కల_మాస్టారు_జడ్పీ

అమ్మా, మీ బాధ చదువుతుంటే మనసు కలత చెందింది. నేను ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. తలనొప్పి అనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పొద్దున తినకుండా వచ్చేవాళ్లు, రాత్రి ఒంటిగంటదాకా ఫోన్ చూసేవాళ్లు, పరీక్షల టెన్షన్‌తో ఉన్నవాళ్లు. వాళ్లందరినీ చూసి భయపడాలంటే బడి నడవదు. మేం ప్రత్యేకంగా దేన్ని పట్టుకోవాలో డాక్టరు గారు చెబితే మా స్టాఫ్‌రూములో రాసి పెడతాను.

విజయవాడ_జీపీ

మాస్టారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఇలాంటి కథ ఒకటి వాట్సాప్‌లో తిరిగితే మర్నాడు నా క్లినిక్ ముందు తల్లిదండ్రులు బారులు తీరతారు, ప్రతి పిల్లాడికీ సీటీ రాయమని. పిల్లల తలనొప్పుల్లో అత్యధికం మైగ్రేన్, టెన్షన్ తలనొప్పి, జలుబుతో వచ్చేది, నిద్రలేమి. సీటీ అంటే రేడియేషన్. ఎమ్మారైకి చిన్నపిల్లలైతే మత్తు ఇవ్వాలి. మెదడు గడ్డ ఎంత అరుదో కూడా చెప్పాలి కదా.

ఇంకో మాట. మన దేశంలో స్కాన్‌లో మచ్చ కనబడితే అది క్యాన్సరే అనుకోకూడదు. క్యాన్సర్ గడ్డలకంటే ముందు మనం ఆలోచించేవి న్యూరోసిస్టిసెర్కోసిస్, టీబీ గడ్డ. పురుగు గుడ్ల వల్ల వచ్చే మొదటిది మూర్ఛతో బయటపడుతుంది, చాలావరకు మందులతో తగ్గుతుంది. అనవసరంగా స్కాన్ తీసి, ఏదో మచ్చ చూపించి, ఇంటిల్లిపాదినీ హడలగొట్టడం నేను చూశాను.

లెస్టర్_నర్సు

జీపీ గారూ, అందరికీ స్కాన్ అక్కర్లేదు, నిజమే. కానీ ఎవరికి కావాలో తేల్చే పద్ధతి ఉంది. నేను ఇంగ్లండ్‌లో పిల్లల వార్డులో పనిచేస్తాను, మాది తెనాలి. ఇక్కడ 2011లో హెడ్‌స్మార్ట్ అని ప్రచారం మొదలుపెట్టారు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, పిల్లల వైద్యుల రాయల్ కాలేజీ, ఒక బ్రెయిన్ ట్యూమర్ స్వచ్ఛంద సంస్థ కలిసి చేశాయి. అంతకుముందు మొదటి లక్షణం నుంచి గడ్డ అని తేలేదాకా మధ్యస్థంగా 14.4 వారాలు పట్టేది. ఆ మార్గదర్శకాలు, ఈ ప్రచారం వచ్చాక అది 6.7 వారాలకు దిగింది. వాళ్లు కొత్త యంత్రాలేమీ కనిపెట్టలేదు. జేబులో పట్టే కార్డు ఒకటి అచ్చు వేసి బళ్లలో, క్లినిక్కుల్లో పంచారు.

ఆ కార్డులో వయసును బట్టి లక్షణాలు వేరువేరుగా ఉంటాయి. ఐదేళ్లలోపు పిల్లలకు మానని వాంతులు, తడబడే నడక, కొత్తగా వచ్చిన మెల్లకన్ను, మెడ ఒకపక్కకు వంచి ఉంచడం. చంటిపిల్లలకైతే తల చుట్టుకొలత గబగబా పెరగడం, ఎందుకంటే వాళ్ల పుర్రె ఎముకలు ఇంకా కలవవు. పెద్దపిల్లలకు మానని తలనొప్పి, చూపులో తేడా, మూర్ఛ, ప్రవర్తనలో మార్పు. పన్నెండు దాటినవాళ్లకు వీటితోపాటు ఎదుగుదల, యుక్తవయసు ఆలస్యం కావడం. పద్ధతి ఏమిటంటే, వాంతులు రెండు వారాలు మించితే, తలనొప్పి నాలుగు వారాలు మించితే గడ్డ ఉందేమో అన్న ఆలోచన డాక్టరుకు తప్పనిసరిగా రావాలి. వీటిలో రెండు కలిస్తే ఇంకా తొందరపడాలి.

విజయవాడ_జీపీ

ఈ లెక్క బాగుంది. నాకు అభ్యంతరం భయపెట్టడం మీదే, జాగ్రత్త మీద కాదు. మన దగ్గర ఓపీలో అయిదు నిమిషాలుంటే చాలు. కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపుతో కళ్ల వెనుక నరం చూడాలి, కళ్లు అన్ని పక్కలకూ తిరుగుతున్నాయో లేదో చూడాలి. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి నేల మీద గీతపై నడిపించాలి. తన ముక్కు, మన వేలు మార్చిమార్చి ముట్టుకోమనాలి. ఇవన్నీ బాగుంటే తల్లికి ధైర్యం చెప్పి పంపొచ్చు.

ఓరుగల్లు_పిల్లల_డాక్టరు

జీపీ గారు చెప్పిన పరీక్ష ప్రతి డాక్టరూ చేయాలి. చాలామంది చేయరు, అదే అసలు బాధ. ఒక్క సవరణ మాత్రం. కంటి నరం వాపు లేదు కాబట్టి గడ్డ లేదు అనుకోకూడదు. కొంతమంది పిల్లల్లో ఒత్తిడి ఉన్నా నరం మామూలుగా కనబడుతుంది. వాపు ఉంటే అదే రోజు స్కాన్. వాపు లేకపోయినా పొద్దుటి వాంతులు మానకపోతే మళ్లీ పిలిపించి చూడాలి, అవసరమైతే స్కాన్ రాయాలి.

వాంతులతో విరేచనాలు లేకపోవడం పెద్ద గుర్తు. కడుపు పాడైతే రెండూ ఉంటాయి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వారాల తరబడి పొద్దున్నే వాంతి, కడుపు నొప్పి లేదు, విరేచనం లేదు అంటే గ్యాస్ సిరప్ దగ్గర ఆగకూడదు.

మాస్టారూ, మీకు కనబడేవి మాకు కనబడవు. దస్తూరీ ఒక్క టర్ములో చెడిపోవడం, బోర్డు మీద అక్షరం రెండుగా కనబడుతోందని ఒక కన్ను మూసుకుని చూడటం, తల పక్కకు వంచి కూర్చోవడం, ఆటల పీరియడ్‌లో ఊరికే పడిపోవడం, చురుకైన పిల్లాడు మగతగా మారడం. ఇవి ఒక్కరోజు చూస్తే ఏమీ కావు. మునుపు లేకుండా కొత్తగా వచ్చి, పెరుగుతూ పోతున్నాయా అన్నదే చూడాలి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బళ్లకు వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందానికి ఆ పిల్లాడి పేరు చెప్పండి. వాళ్లు జిల్లా కేంద్రానికి రాసి పంపగలరు.

చెల్లెలి విషయం. మెదడు గడ్డల్లో అత్యధికం వంశపారంపర్యం కావు. అన్నకు వచ్చింది కాబట్టి చెల్లెలికి వస్తుందని కాదు. ఏ లక్షణమూ లేని ఆరేళ్ల పిల్లకు స్కాన్ అక్కర్లేదు. ఒళ్లు మాత్రం ఒకసారి చూడండి. కాఫీ రంగు మచ్చలు ఆరో అంతకంటే ఎక్కువో ఉన్నా, ఆకు ఆకారంలో తెల్లమచ్చలు ఉన్నా చూపించాలి. మొదటిది న్యూరోఫైబ్రోమటోసిస్‌లో, రెండోది ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో కనబడతాయి. మెదడు గడ్డలు తెచ్చే వంశపారంపర్య జబ్బులివి. ఈ రెండో జబ్బులో నీటి దారి ఇరుకైన చోటే గడ్డ పెరిగే అలవాటుంది, అందుకే వాళ్లకు క్రమం తప్పకుండా ఎమ్మారై తీస్తారు.

ఖమ్మం_అమ్మ

నేను ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు. మా పాపకు ఏడేళ్లప్పుడు కుడికన్ను లోపలికి తిరిగింది. అద్దాల కోసమని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె చుక్కలు వేసి లోపలికి చూసి, అద్దాలు రాయలేదు. "ఇవాళే హైదరాబాద్ వెళ్లండి" అని చీటీ రాసి, అక్కడి డాక్టరుకు తనే ఫోన్ చేశారు. ఆ రాత్రికే స్కాన్ అయ్యింది. మెడ్యులోబ్లాస్టోమా, అంటే చిన్న మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డ అన్నారు. తల పక్కనుంచి గొట్టం వేసి ముందు నీరు తీశారు, తర్వాత ఆపరేషన్.

ఆపరేషన్ అయ్యాక పాప మాట్లాడలేదు. కళ్లు తెరిచి చూసేది, ఏడ్చేది, మాట లేదు. చిన్న మెదడు ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లలకు ఇలా అవుతుందని, నెమ్మదిగా వస్తుందని చెప్పారు. వచ్చింది. ఆరు వారాలు రేడియేషన్, తర్వాత కీమో. ఆరోగ్యశ్రీ కింద చేశారు. అది లేకపోతే మా పొలం పోయేది.

ఇప్పుడు పాప బడికి వెళ్తోంది. లెక్కల్లో నెమ్మది, రాయడానికి అందరికంటే ఎక్కువ టైము కావాలి, ఎత్తు తక్కువ. మేనత్త గారూ, మీ వదినకు నా మాటగా చెప్పండి. మా పాపకు కన్ను తిరిగింది కాబట్టి నాకు తెలిసింది. కన్ను తిరగకుండా వాంతులే అయి ఉంటే నేనూ జీలకర్ర నీళ్లే తాగించేదాన్ని.

పల్నాడు_మేనత్త

ఖమ్మం అక్కా, మీరు రాసింది వదినకు చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత "ఆ పాప పేరేంటి" అని అడిగింది. ఇన్నాళ్లకు ఇంకొకరి గురించి అడిగింది తను.

డాక్టరు గారూ, ఒళ్లంతా చూశాం. మచ్చల్లేవు. సెల్‌ఫోన్ వల్ల వచ్చిందని మా ఆయన అంటున్నారు, వాడు గేములు ఆడేవాడు.

ఓరుగల్లు_పిల్లల_డాక్టరు

ఫోన్ వల్ల పిల్లల్లో మెదడు గడ్డలు వస్తాయని తేలలేదు. దాన్ని పట్టుకుని ఆయన తనను తాను నిందించుకోవద్దని చెప్పండి.

ఫోరెన్సిక్_కాకినాడ

నేను శవపరీక్షలు చేసే విభాగంలో ఉన్నాను. ఊళ్లో మాటల గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను. పిల్లాడు రాత్రి పడుకుని తెల్లారేసరికి పోతే మేం ఆలోచించేవి చాలా ఉంటాయి. విషం, కట్లపాము కాటు, గుండె కండరం జబ్బు, గుండె లయలో పుట్టుకతో వచ్చే లోపం, మూర్ఛ, మెదడువాపు. కట్లపాము కాటుకు ఒక్కోసారి గాటు కూడా కనబడదు. పుర్రె తెరవకుండా వీటిని ఊహతో తేల్చలేం.

గడ్డ ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా ఇలా హఠాత్తుగా పోవడం అరుదే. అమెరికాలో 1980లో అచ్చయిన ఒక పరిశీలనలో దాదాపు పదకొండు వేల శవపరీక్షలు చూస్తే, అన్ని వయసులవాళ్లూ కలిపి, అలాంటివాళ్లు 19 మంది. అరుదైనా ఉంది. ఉందని మీ ఇంట్లోనే తెలిసింది.

మన దగ్గర చాలా కుటుంబాలు పోస్టుమార్టం వద్దంటాయి. పసివాడి తల కోస్తారా అని తల్లి అడిగితే జవాబు చెప్పడం మాకూ కష్టమే. అయినా మీ ఇంట్లో ఆ పరీక్షే జరగకపోతే ఈరోజు మీ వదిన గారి మీద ఆ అన్నం అనుమానం జీవితాంతం ఉండిపోయేది. పోలీసు కేసులో కూడా అదే ఆమెకు రక్ష. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద, పాత చట్టంలో 174 కింద, అనుమానాస్పద మరణంగా కేసు రాస్తారు. పోస్టుమార్టం నివేదిక, ముక్క పరీక్ష ఫలితం వచ్చాక దాన్ని మూసేస్తారు.

గడ్డ ఏ రకమో తేలిందా? మెదడును ఫార్మలిన్‌లో గట్టిపడనిచ్చి తర్వాత కోసి, ముక్క పాథాలజీకి పంపుతారు. ఆ గట్టిపడటానికే రెండు వారాల దాకా పడుతుంది. మీ అన్నయ్య స్టేషన్‌కు వెళ్లి పోస్టుమార్టం నివేదిక నకలు కోసం అర్జీ పెట్టాలి. ముక్క పరీక్ష ఫలితం, అంటే హిస్టోపాథాలజీ నివేదిక వేరుగా వస్తుంది, దాన్నీ పేరు పెట్టి అడగండి. ఊళ్లో పెద్దమనుషులకు ఆ కాగితం చూపిస్తే మాటలు ఆగుతాయి.

హౌస్‌సర్జన్_కర్నూలు

ఒక సందేహం సార్. మా క్యాజువాల్టీకి వాంతులు, మగత, మెడ బిగుసుకుపోయిన పిల్లలు వస్తే మెదడువాపేమోనని వెన్నునీరు తీద్దామనుకుంటాం. గడ్డ ఉంటే ప్రమాదం కదా?

ఓరుగల్లు_పిల్లల_డాక్టరు

చాలా ప్రమాదం. కింద నీరు తీస్తే పైనున్న ఒత్తిడి మెదడును కిందికి నెడుతుంది. మగత ఉన్నా, కంటి నరం వాచినా, ఒక పక్క బలహీనత ఉన్నా ముందు సీటీ. అంతదాకా యాంటీబయాటిక్ ఆపనక్కర్లేదు, మొదలుపెట్టేయండి. నాడి నెమ్మదించి, బీపీ పెరిగి, ఊపిరి క్రమం తప్పితే అది చివరి హెచ్చరిక. తల ముప్పై డిగ్రీలు ఎత్తి, తలలో ఒత్తిడి తగ్గించే మానిటాల్ లేదా మూడు శాతం సెలైన్ మొదలుపెట్టి, న్యూరోసర్జన్‌ను లేపండి. నీరు బయటికి తీసే గొట్టం వేస్తే చావు అంచుల నుంచి వెనక్కి వచ్చిన పిల్లలున్నారు. గడ్డ పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే నెమ్మదిగా పెరిగే రకం అయితే, పూర్తిగా తీసేస్తే పదేళ్ల తర్వాత కూడా తొంభై శాతం పైగా బతికే ఉంటారు. అందుకే ఆ గంటల మీద నాకింత పట్టు.

జగిత్యాల_దుబాయ్

డాక్టర్ సార్, నేను దుబాయ్‌లో పనిచేస్తున్న. ఇది చదివినప్పటి నుంచి చేతులు వణుకుతున్నయి. మా బాబుకు ఐదేళ్లు, ఊర్లో వాళ్ల అమ్మ దగ్గర ఉంటడు. మూడు వారాల నుంచి పొద్దున లేవంగనే వాంతి. మొన్నటి నుంచి నడుస్తుంటే తూలుతున్నడని, ఇయ్యాల మధ్యాహ్నం నుంచి నిద్ర ఎక్కువ పోతున్నడని చెప్పింది. సోమవారం పిల్లల డాక్టరు వస్తడట, అప్పుడు చూపిస్తం అంటున్నరు.

ఓరుగల్లు_పిల్లల_డాక్టరు

సోమవారం దాకా ఆగకండి. ఈ రాత్రే, ఇప్పుడే. వాంతులు, తూలడం, మగత మూడూ కలిశాయి. దగ్గరి చిన్న క్లినిక్‌లో సమయం పోగొట్టకుండా సీటీ, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కరీంనగర్ అయినా హైదరాబాద్ అయినా. 108కి ఫోన్ చేసి "పిల్లాడు మగతగా ఉన్నాడు, వాంతులు" అని చెప్పమనండి. లేపినా లేవకపోతే దారిలో ఏ పెద్దాసుపత్రి ముందొస్తే అక్కడ ఆగాలి.

క్యాజువాల్టీలో "మూడు వారాలుగా పొద్దుటి వాంతులు, విరేచనాలు లేవు, తూలుతున్నాడు, ఇవాళ్టి నుంచి మగత" అని ఈ వరుసలోనే చెప్పమనండి. వాంతులని మాత్రమే చెబితే సెలైన్ పెట్టి పడుకోబెడతారు. ఇది గడ్డే అని నేను ఇక్కడి నుంచి చెప్పలేను, వేరే కారణం కూడా కావచ్చు. కానీ స్కాన్ ఈ రాత్రి కావాలి.

జగిత్యాల_దుబాయ్

మా తమ్ముడు వాళ్ల ఇంటికి పోయిండు. 108కి ఫోన్ చేసిన్రు. పాలు తాగించి తీసుకపోదామంటున్నది మా అమ్మ.

ఓరుగల్లు_పిల్లల_డాక్టరు

వద్దు. ఏమీ తాగించొద్దని చెప్పండి. స్కాన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు, మగతలో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి, తల కాస్త ఎత్తులో ఉంచి పడుకోబెట్టమనండి. ఆధార్, రేషన్ కార్డు వెంట పెట్టుకుంటే ఆరోగ్యశ్రీకి పనికొస్తాయి, అవి దొరక్కపోతే వాటి కోసం ఆగొద్దు. నా నంబరు మీకు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టాను. స్కాన్ అవగానే ఏ టైమైనా ఫోన్ చేయండి.